టీబీ సంగతి ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి

దసరా వెళ్లిన వారం పిన్ని ఫోన్ చేసింది. చెల్లికి సంబంధం కుదిరేలా ఉందట, అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం, వాళ్లది బాపట్ల వైపు, ఇచ్చిపుచ్చుకోవడాల దగ్గర కూడా పెద్దగా పేచీ పెట్టట్లేదు అని ఓ పది నిమిషాలు సంతోషంగా చెప్పుకొచ్చి చివర్లో గొంతు తగ్గించింది. "ఇదిగో అమ్మాయ్, అబ్బాయి వాళ్ల అక్క మీ ఏరియాలోనే ఉంటుందట, నీకు ఫోన్ చేసి కనుక్కున్నా కనుక్కుంటారు. దానికి అప్పట్లో మెడ దగ్గర వచ్చిన సంగతి ఎక్కడా అనకు. నిమ్ము చేసిందనో ఇంకోటనో కూడా అనకు, అసలు ఏమీ రాలేదంతే" అంది.

సరే అనలేదు, కుదరదు అనీ అనలేదు. "చూద్దాంలే పిన్నీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ జబ్బు నాకూ వచ్చింది, నేనూ దాచాను, దాచినందుకు కొంత సిగ్గుపడుతున్నాను, కొంత అస్సలు సిగ్గుపడట్లేదు, ఈ రెండిటికీ తేడా ఏంటో ఇన్నాళ్లూ సరిగ్గా కూర్చుని ఆలోచించలేదు.

చెల్లికి మూడేళ్ల కిందట మెడ కింద, కాలర్ బోన్ పైన గడ్డలాగా లేచింది. నొప్పి లేదు, దగ్గు లేదు, సాయంత్రం పూట కాస్త ఒళ్లు వెచ్చబడేది అంతే. సూదితో తీసి పరీక్ష చేస్తే టీబీ అన్నారు. మందులు మొదలుపెట్టాక గడ్డ పగిలి చీము కారి మానింది, అంగుళం పొడుగు మచ్చ మిగిలింది. ఆరు నెలల కోర్సు ఒక్క రోజు కూడా తప్పకుండా వాడింది. ఈ రకం టీబీ పక్కవాళ్లకి అంటదు, ఊపిరితిత్తుల్లో లేదు కాబట్టి దగ్గితే గాల్లోకి వచ్చేది ఏమీ ఉండదు. అంటే ఆ పిల్ల వల్ల ఎవరికీ, ఏ ఒక్క రోజూ, ఏ ప్రమాదమూ లేదు.

ఇప్పుడు పిన్ని ఆ మచ్చ కనపడకుండా గుట్టపూసల నెక్లెస్ చేయిస్తోంది, వెడల్పుది. మన పెద్దవాళ్లు ఈ జబ్బుని గండమాల అనేవాళ్లు, కంఠమాల అని కూడా అంటారు. మెడ చుట్టూ గడ్డలు దండలాగా లేస్తాయని ఆ పేరు. ఆ మాల కనపడకుండా ఇంకో మాల చేయించడం. కంసాలికి ఫోన్‌లో ఫొటో పంపి, వరస ఇంకాస్త పైకి రావాలి అని పిన్ని చెబుతుంటే చెల్లి పక్కనే కూర్చుని ఏమీ మాట్లాడలేదట, అమ్మ చెప్పింది.

గ్లాసు మీద ఎర్ర చుక్క

నా సంగతి 2012లో. అమీర్‌పేటలో హాస్టల్, నలుగురం ఒక గది, ఒకే కిటికీ, అదీ దోమలని మూసే ఉంచేవాళ్లం. రెండు నెలలు దగ్గాను. పక్క సందులో క్లినిక్‌కి వెళ్తే ఒక సిరప్, ఒక యాంటీబయాటిక్, మళ్లీ వెళ్తే ఇంకో యాంటీబయాటిక్. దుమ్ము పడట్లేదు అన్నారు, ఎలర్జీ అన్నారు. ఆ రెండు నెలలూ నన్ను చూసి ఎవరూ భయపడలేదు. నా గ్లాసులో నీళ్లు తాగారు, నా దుప్పట్లో పడుకున్నారు, ఆఫీసు క్యాబ్‌లో ఏసీ వేసి అద్దాలు ఎత్తుకుని ఏడుగురం రోజూ గంటన్నర కూర్చునేవాళ్లం.

కళ్లెలో నెత్తురు జీర కనపడ్డాక గానీ కళ్లె పరీక్ష చేయించుకోలేదు. పాజిటివ్. ఊరికి వచ్చేశాను. అప్పట్లో గవర్నమెంటు మందులు వారానికి మూడు రోజులే, సోమ బుధ శుక్ర, అంగన్‌వాడీ టీచరుగారి ఇంటికి వెళ్లి ఆవిడ ఎదురుగా ఏడు మాత్రలు మింగాలి. నా పేరు రాసిన మందుల డబ్బా వాళ్ల బీరువాలో ఉండేది. మొదటిరోజు మాత్రలు వేసుకున్నాక మూత్రం నారింజ రంగులో వస్తే నెత్తురు అనుకుని ఏడ్చాను, ఆ మాత్ర రంగే అంత అని టీచరుగారు చెప్పేదాకా.

సరిగ్గా ఆ రోజే, మందులు మొదలైన రోజే, ఇంట్లో నాకు కంచం గ్లాసు వేరు చేశారు. స్టీలు గ్లాసు మీద అమ్మ నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టింది, కలిసిపోకుండా. గిన్నెలు తోమే ఆమె ఆ గ్లాసు ముట్టుకోనంటే అమ్మే విడిగా తోమేది, వేన్నీళ్లలో వేసి. రోజూ తోమడంలో చుక్క అరిగిపోతే మళ్లీ పెట్టేది. రెండు నెలలకి మళ్లీ కళ్లె పరీక్ష చేస్తే నెగెటివ్ వచ్చింది, రిపోర్టు తెచ్చి టేబుల్ మీద పెట్టాను. ఆ తర్వాత కూడా చుక్క ఉంది. ఆరు నెలల కోర్సు అయిపోయింది, చుక్క ఉంది. అమ్మని తప్పు పట్టడానికి ఇది రాయట్లేదు, రాత్రుళ్లు నా దగ్గరే పడుకుని, చెమటకి తడిసిన జాకెట్లు మార్చింది ఆవిడే. కానీ ఎంత ప్రేమ ఉన్నా గ్లాసు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది.

టీబీ గ్లాసు వల్ల రాదు, కంచం వల్ల రాదు. దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు గాల్లోకి వచ్చే సన్నని తుంపర్ల వల్ల వస్తుంది, గాలి ఆడని గదిలో గంటలకొద్దీ కలిసి ఉంటే వస్తుంది. మందులు పనిచేస్తుంటే రెండు వారాలకల్లా చాలామందిలో అంటించే గుణం బాగా పడిపోతుంది (మందులకి లొంగని రకం అయితే వేరే, దానికి వేరే మందులు, వేరే జాగ్రత్తలు). అంటే నన్ను చూసి భయపడాల్సింది ఆ అమీర్‌పేట గదిలో. ఊళ్లో నేను మాత్రలు మింగుతూ వరండాలో కూర్చున్నప్పటికి ఆ వీధిలో దగ్గేవాళ్లందరిలోకీ, ఏం దగ్గో తెలిసి, మందు పడుతున్న మనిషిని నేనొక్కదాన్నే.

ఇదేదో కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. 1956లో మద్రాసులో ఒక పరీక్ష మొదలుపెట్టారు. అప్పటిదాకా టీబీ అంటే శానిటోరియమే, మన మదనపల్లి పక్కన ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి, గాలి మంచిదని కొండల మీదో అడవిలోనో నెలలు, సంవత్సరాలు ఉంచేవాళ్లు. మద్రాసు డాక్టర్లు పేద పేషెంట్లని రెండు గుంపులు చేసి కొందరిని శానిటోరియంలో, కొందరిని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ల తిండి అంత బాగా లేదు, విశ్రాంతీ లేదు, అయినా జబ్బు దాదాపు అంతే బాగా తగ్గింది. అంతకంటే పెద్ద విషయం, ఐదేళ్లపాటు వాళ్ల ఇళ్లలో వాళ్లని గమనిస్తే, పేషెంటు ఇంట్లోనే ఉన్నందువల్ల మిగతావాళ్లకి జబ్బు ఎక్కువగా ఏమీ రాలేదు. అంటించేదేదో మందులు మొదలుపెట్టకముందే అంటించేసి ఉంటుంది. ప్రపంచం అంతా శానిటోరియాలు మూసేసుకుంటూ వచ్చిందంటే అందులో ఈ మద్రాసు పరీక్ష వాటా చాలా ఉంది. అంత దగ్గర్లో తేలిన సంగతి మా వంటింటి గ్లాసు దాకా యాభై ఏళ్లు దాటినా రాలేదు.

ఏ అబద్ధానికి సిగ్గుపడాలి

మా ఇంట్లో ఎవరూ టీబీ అనే మాట వాడలేదు. బంధువులకి "నిమ్ము చేసింది", ఇంకా దగ్గరవాళ్లకి "ఊపిరితిత్తుల్లో కొంచెం నీళ్లు చేరాయి". హాస్టల్ వాళ్లకి నేనే టైఫాయిడ్ అని చెప్పాను. చెప్పి, సామాను తెప్పించేసుకున్నాను.

నాకు నిజంగా సిగ్గేసేది ఈ టైఫాయిడ్ అబద్ధానికే. ఆ గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు. రెండు నెలలు నా గాలి పీల్చారు. వాళ్లకి తెలియాలి, తెలిస్తే ఎక్స్‌రే తీయించుకునేవాళ్లు, రెండు వారాలు మించి దగ్గు వస్తే సిరప్ కొనుక్కోకుండా నేరుగా కళ్లె పరీక్షకి వెళ్లేవాళ్లు. క్రిమి లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు, నూటికి ఐదుగురికో పదిమందికో జీవితంలో ఎప్పుడో వస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలో. అందులో ఒక అమ్మాయి ఏడాదిన్నర తర్వాత చాలా చిక్కిపోయిందని వేరేవాళ్ల ద్వారా విన్నాను. అది టీబీనో కాదో నాకు తెలియదు. కనుక్కునే ధైర్యం చెయ్యలేదు, ఇప్పటికీ.

అదే సమయంలో, కోర్సు అయిపోయాక కొత్త ఆఫీసులో మెడికల్ హిస్టరీ అడిగినప్పుడు నేను ఏమీ రాయలేదు, పెళ్లిచూపుల్లో చెప్పలేదు (మా ఆయనకి తర్వాత నేనే చెప్పాను, అది వేరే), దానికి నాకు ఏ సిగ్గూ లేదు. నయమైపోయిన జబ్బు, ఎవరికీ అంటని జబ్బు, అది నా ఒంటి సంగతి.

రాత్రంతా ఆలోచిస్తే నాకు తేలింది ఇదే. దాచడం మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడగడంలోనే తప్పు ఉంది. మనం చెప్పాల్సిన రోజుల్లో దాస్తున్నాం, దాచుకునే హక్కు ఉన్న రోజుల్లో జవాబు చెప్పమని పీకల మీద కూర్చుంటున్నాం. భయం కూడా అంతే, దగ్గు మొదలైన రోజు రావాల్సింది మాత్ర మింగిన రోజు వస్తోంది. జబ్బు పేరు బయటపడిన రోజు నుంచి మనిషిని వెలేస్తాం కాబట్టి, ఆ పేరు బయటపడకుండా ఉండటానికి ఆ మనిషి ఇంకో నెల దగ్గుతూ తిరుగుతాడు. వెలి వల్ల ఊరికి రక్షణ అనుకుంటాం గానీ ఆ వెలి వల్లే జబ్బు ఇంకో పదిమందికి వెళ్తోంది.

మా ఊళ్లో ఒకావిడ ఉండేది, కొత్తగా కాపురానికి వచ్చింది. పుట్టింట్లో ఉండగా జబ్బు బయటపడితే కోర్సు సగంలో ఉండగానే ముహూర్తం పెట్టేశారు, ఆగితే అనుమానం వస్తుందని. మాత్రలు కందిపప్పు డబ్బాలో అడుగున పెట్టుకుని, అత్తగారు వంటింట్లోంచి బయటకి వెళ్లినప్పుడు వేసుకునేది. సంక్రాంతికి ఆడపడుచులు వచ్చి పది రోజులు ఉన్నారు, వంటిల్లు ఖాళీ అవ్వలేదు. ఆ పది రోజులు, తర్వాత ఇంకో పది రోజులు. జబ్బు తిరగబెట్టింది, ఈసారి మామూలు మందులకి లొంగలేదు. మందులు మధ్యలో ఆపితే ఎలా మొండికేస్తుందో డాక్టర్లు అందరూ చెబుతారు, కానీ ఆ అమ్మాయి ఆపింది తెలియక కాదు, పప్పు డబ్బా దగ్గరికి వెళ్లడానికి వీల్లేక. ఆవిడకి "అవగాహన" కల్పించి ఏం లాభం, కల్పించాల్సింది ఆ ఇంట్లో మిగిలిన ఐదుగురికి.

పెళ్లి దగ్గరికి వస్తే

ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయనతో పేర్లు లేకుండా ఈ విషయం మాట్లాడాను. నాకంటే పెద్దాయన, నెమ్మదస్తుడు. "రేపు తెలిస్తే? జబ్బు గురించి కాదమ్మా, దాచారు అన్నదాని గురించి. ఆ పిల్ల జీవితాంతం ఆ మచ్చ చూసుకుని ఉలిక్కిపడుతూ బతకాలా" అన్నారు. ఈ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. పిన్నికి మటుకు ఉంది, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు అంటుంది. ఆ సామెత ఎప్పుడు విన్నా నాకు ఒక్కటే అనిపిస్తుంది, వెయ్యి అబద్ధాలు ఆడేది పెద్దవాళ్లు, వాటిని మొయ్యాల్సింది ఆ పిల్ల.

ఇంకో వైపు చూస్తే, చెప్పమనడం నాకు తేలిక. అబ్బాయికి మూడేళ్ల కింద డెంగీ వచ్చిందా, కామెర్లు వచ్చాయా అని ఎవరైనా అడుగుతారా? అబ్బాయికే టీబీ వచ్చి తగ్గి ఉంటే "ఏదో చిన్నప్పుడు వచ్చిందండీ, ఇప్పుడు దున్నపోతులా ఉన్నాడు" అని వాళ్లమ్మే నవ్వుతూ చెప్పేది. ఆడపిల్ల మచ్చకే నెక్లెస్ కావాలి. టీబీ తిరగబెట్టేదైతే చాలావరకు మొదటి ఒకటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది, చెల్లికి కోర్సు అయిపోయి అంతకంటే ఎక్కువే అయింది. ఇవన్నీ నేను పెళ్లివారి ముందు కూర్చుని చెప్పగలను, వాళ్లు తలూపుతారు, తర్వాత జాతకం కలవలేదని కబురు వస్తుంది. ఒకసారి అలా తిరిగిపోతే ఆ కబురు బాపట్లలో ఆగదు.

చట్టాలు కూడా ఎంత నెమ్మదిగా కదులుతాయో చూడండి. కుష్టు ఉంటే విడాకులు అడగొచ్చు అన్న మాట మన వివాహ చట్టాల్లో 2019 దాకా ఉంది, దాన్ని పూర్తిగా నయం చేసే మందులు 1980ల నుంచే మన దేశంలో ఇస్తున్నా. కాగితం మీద మాట కొట్టెయ్యడానికే అన్నేళ్లు పడితే, పెళ్లిచూపుల్లో కూర్చున్న మేనత్తల మనసులోంచి పోవడానికి ఎన్నేళ్లు పడుతుందో.

గవర్నమెంటు వైపు నుంచి ఏమీ జరగట్లేదని అనను. పరీక్ష ఫ్రీ, మందులు ఫ్రీ, 2018 నుంచి తిండికని నెలకి 500 ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. తిండి చిన్న విషయం కాదు. జార్ఖండ్‌లో పేషెంట్ల ఇళ్లలో వాళ్లకి నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూస్తే ఆ ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. మందు కాదు, బియ్యం పప్పు. 2025 కల్లా టీబీ లేకుండా చేస్తామని 2018లో ప్రకటించారు, 2015లో లక్షకి 237 మందికి వచ్చేది 2023కి 195కి దిగింది. తగ్గింది నిజమే, కానీ ఆ ఏడాది కూడా దేశంలో 28 లక్షల మందికి కొత్తగా వచ్చింది, ప్రపంచం మొత్తంలో నాలుగో వంతు పైన. ఇంతమందికి వచ్చే జబ్బు మన చుట్టాల్లో, మన అపార్ట్‌మెంట్లో, మన ఆఫీసు ఫ్లోర్‌లో ఎవరికీ రానట్టే ఎలా ఉంటోంది? అందరూ నిమ్ము అంటున్నారు కాబట్టి.

సాయం చేసే చేతులు కూడా కొన్నిసార్లు ఎటు పోతాయంటే, పోయిన ఏడాది మా ఊరి వైపు ఒక కార్యక్రమంలో పేషెంట్లకి పోషకాహారం కిట్లు పంచారు. మంచి పని. పప్పు, నూనె, గుడ్లు, బెల్లం. కానీ వరసగా నిలబెట్టి, వెనక టీబీ అని పెద్ద అక్షరాల బ్యానర్ పెట్టి, ఒక్కొక్కరికీ కిట్ అందిస్తూ ఫొటో తీసి సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో ఒకమ్మాయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ నెల నుంచి కిట్ తీసుకోవడానికి వాళ్ల నాన్నని పంపిస్తోందట, ఆయన కూడా చీకటి పడ్డాక వస్తున్నాడట.

చెల్లి అన్న మాట

రెండు రోజుల తర్వాత పిన్నికి కాకుండా నేరుగా చెల్లికే ఫోన్ చేశాను. ఇంతసేపూ ఎవరం దాన్ని అడగలేదు, నీకేం కావాలి అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నాకు చెప్పాలనే ఉంది, కానీ అమ్మ నాన్న ముందు, వాళ్ల పెద్దవాళ్ల ముందు కాదు. అబ్బాయితో ఒక్కదాన్నే మాట్లాడినప్పుడు చెప్తా. ఏమంటాడో చూస్తా. అతను కాదంటే కాదనుకుంటా, కానీ అది హాల్లో ఇరవై మంది వినేలా వద్దు" అంది. నేను ఇన్ని పేజీలు ఆలోచించి తేల్చలేనిది అది రెండు ముక్కల్లో చెప్పింది. ఎవరికి తెలియాలో వాళ్లకి, తను అనుకున్నప్పుడు, తన నోటితో.

ఆ తర్వాత పిన్నికి చేసి చెప్పాను, పిన్నీ నేనుగా ఎవరికీ ఏమీ చెప్పను, అది నా పని కాదు, కానీ వాళ్ల అక్క ఫోన్ చేసి నన్ను సూటిగా అడిగితే ఏమీ రాలేదు అని మాత్రం అనలేను, "అది అమ్మాయినే అడగండి" అంటాను, అంతే అన్నాను. "అంటే చెప్పినట్టే కదే" అంది పిన్ని, ఫోన్ పెట్టేసింది.

రెండు వారాలయింది, మళ్లీ చెయ్యలేదు. అబ్బాయి ఫోన్ నంబర్ చెల్లికి ఇచ్చారట, మాఘమాసంలో ముహూర్తాలు చూస్తున్నారని అమ్మ చెప్పింది. నెక్లెస్ వచ్చేసిందట. నేను మటుకు పాత ఫోన్‌లో వెతికి ఆ హాస్టల్ అమ్మాయి నంబర్ పట్టుకున్నాను, పదమూడేళ్లయింది, ఇంకా అదే నంబరో కాదో. ఏమని మొదలుపెట్టాలో రెండు సార్లు టైప్ చేసి చెరిపేశాను, ఈ ఆదివారం నేరుగా ఫోనే చేస్తాను.